నా తలలోని లస్కరును చూపించిన డాక్టరుగారు

నా పేరు గుత్తుల వీరాయమ్మ. వయసు డెబ్భై ఒకటి, ఓ ఏడాది అటూ ఇటూ. మొగల్తూరు అవతల, కాలువ చిట్టచివర, ఉప్పుగాలి తగిలే శివారు పల్లె మాది. ఇంట్లో నేను, నా కొడుకు, నా కోడలు. మా ఆయన పోయి పద్దెనిమిదేళ్ళయింది. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా వీధి చర్చి బడి టీచరమ్మ రాస్తోంది. నా మాట ఒక్కటి మార్చకూడదని ముందే ఒట్టు వేయించుకున్నాను. "తిట్లు మాత్రం రాయనండి మామ్మగారూ" అంది. సరే, అవి నోటితోనే ఉంచుకుంటానన్నాను.

నాకు మందులిచ్చే రాజమండ్రి డాక్టరుగారు పోయారన్న కబురు ఒక మంగళవారం పొద్దున వచ్చింది. ఆయన కాంపౌండరు ఫోను చేశాడు. కొడుకు ఎత్తి "ఆఁ, ఆఁ" అని పెట్టేశాడు. ఎవర్రా అంటే రాంగ్ నంబరన్నాడు. మధ్యాహ్నం అన్నాల దగ్గర గాని అసలు సంగతి చెప్పలేదు. పొద్దున్నే మేడ మీద మొక్కలకు నీళ్ళు పోస్తూ కూలబడిపోయారట. గుండె ఆగిందట. నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు. నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. కొడుకు కంచంకేసి చూస్తూ, "ఆ మందులు కూడా ఇంక ఆపేద్దామమ్మా. ఆయనతో సరి" అన్నాడు.

ఆ రోజు నా దగ్గర ఇరవై రెండు మాత్రలున్నాయి. ఇవాళ్టికి తొమ్మిది. చీటీ పాతదైపోయిందని మందుల షాపులో ఇవ్వరు. కొత్త చీటీ రాయించుకోవాలంటే రాజమండ్రి వెళ్ళాలి. బస్సు బోర్డు చదవలేని దాన్ని, నన్ను తీసుకెళ్ళేవాళ్ళు లేరు. ఈ తొమ్మిదీ అయిపోయాక ఏమవుతుందో నాకు బాగా తెలుసు. అందుకే, ఇంకా నా మాట నా స్వాధీనంలో ఉండగానే, ఆయన గురించి చెప్పుకుంటున్నాను.

జబ్బు ముందు నేనెలాంటి దాన్నో మా చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరినడిగినా చెబుతారు. ఎగువ ఊరివాళ్ళు తూముకు గడ్డి కుక్కి నీళ్ళు ఆపేస్తే, పార భుజాన వేసుకుని నేనే వెళ్ళి పీకేసేదాన్ని. మొగాళ్ళు నా వెనకాల నడిచేవారు. అలాంటి దాన్ని ఒక ఏడాది, ఏ కష్టమూ రాకుండానే, మంచం దిగడం మానేశాను. పంట బాగా పండిన ఏడు అది. "నీకేం తక్కువైందమ్మా" అని అందరూ అడిగేవారు. ఏదైనా తక్కువై ఉంటే చెప్పి బయటపడేదాన్ని. ఏమీ తక్కువ కాలేదు. అదే తప్పించుకోలేని చోటు. తలుపున్న గదిలో పెడితే తలుపు వెతుక్కుంటాం. గోడలే కనిపించని గదిలో ఏం వెతుకుతాం?

తాయెత్తు కట్టారు. వేపమండలతో దిగదుడిచారు. నరాల నీరసమని సూదులు పొడిచారు. ఒక పొద్దున నేను కాలువ గట్టు మీద నిలబడి ఉంటే కొడుకు చూసి, చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చాడు. ఆ రోజు నుంచి నా గదికి గడియ బయటివైపు పడింది. వాణ్ణి నేను తప్పు పట్టను. తలుపు వేసే ముందు వాడు మంచినీళ్ళ చెంబు నా పక్కన పెట్టడం చూశాను. కానీ గడియ పడ్డ చప్పుడు కూడా విన్నాను. నలభై రోజులు విన్నాను.

భీమవరంలో కూడా ఇలా తల జబ్బులు చూసే డాక్టరు ఉన్నాడట. అక్కడైతే తెలిసినవాళ్ళు చూస్తారని నన్ను రాజమండ్రి తీసుకెళ్ళారు. ఊళ్ళో మాత్రం అన్నవరం వెళుతున్నామని చెప్పారు. ఆ అబద్ధం తొమ్మిదేళ్ళు నడిచింది. రెండు నెలలకోసారి వెళ్ళి వస్తుంటే పక్కింటావిడ ఊరుకుంటుందా? "ఏంటి వదినా, ఇన్ని వ్రతాలు చేయిస్తున్నారు, ఆ స్వామి మీకేమైనా బాకీ పడ్డాడా?" అనేది. ప్రసాదం ఏదీ అని చెయ్యి చాపేది. పాపం నా కోడలు ఇంట్లోనే గోధుమనూక వేయించి, బెల్లం పోసి, ఆకులో పొట్లం కట్టి ముందే సంచీలో పెట్టేది. డాక్టరుగారికి ఈ సంగతి చెబితే కళ్ళజోడు తీసి తుడుచుకునేదాకా నవ్వారు. "ఒక పొట్లం నాకూ ఇవ్వండి మామ్మగారూ. ఇంతమంది నా పేరు చెప్పుకోకుండా దేవుడి పేరు చెప్పుకుంటున్నారు. ఆయన వాటా ప్రసాదమైనా తింటాను" అన్నారు. ప్రతిసారీ ఆయనకో పొట్లం తప్పనిసరైంది.

మొదటిసారి వెళ్ళినప్పుడు నేను మాట్లాడే స్థితిలో లేను. కొడుకే అంతా చెప్పాడు. డాక్టరుగారు అంతా విని, వాణ్ణి బయట కూర్చోమన్నారు. నా కుర్చీని కిటికీవైపు తిప్పారు. తలుపుకేసి చూస్తూ కూర్చుంటే మనిషి ఎవరొస్తారోనని భయపడుతూనే ఉంటాడని ఆయన అనేవారు. అందరి కుర్చీలూ అలాగే తిప్పేవారు. తానూ నా పక్కన కుర్చీ వేసుకుని, "ఆ వేళ గట్టు మీద నిలబడి నీళ్ళలో ఏం చూశారండి?" అని అడిగారు. అప్పటిదాకా ఎందుకెళ్ళావని అడిగారుగానీ, ఏం చూశావని ఎవరూ అడగలేదు.

"నీళ్ళు కదలట్లేదండి" అన్నాను. నెల రోజుల తర్వాత నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది.

"సరిగ్గా చూశారు. అది మీ తలలో నీళ్ళండి" అన్నారాయన.

ఆ తర్వాత ఆయన నాకు చెప్పింది చెప్పినట్టు రాయమంటున్నాను. డాక్టర్ల పుస్తకాల్లో ఎలా ఉంటుందో నాకు తెలియదు.

"మన తలలో కోట్ల కొద్దీ నరాలున్నాయండి. ఒక నరం నుంచి ఇంకో నరానికి మాట అందాలంటే చాలావరకు ఒక పదార్థమే మోసుకెళ్ళాలి. గ్లూటమేట్ అంటారు దాన్ని. అదే నీళ్ళనుకోండి. ఆ నీళ్ళు పారితేనే తలంపు వస్తుంది, గుర్తుంటుంది, పొద్దున్నే లేవాలనిపిస్తుంది. ఇంకో పదార్థం ఉంది, సెరటోనిన్. అది నీళ్ళు కాదు. మీ కాలువ మీద లస్కరు ఉంటాడు చూడండి, తూము తలుపులు ఎత్తేవాడూ దించేవాడూ, వాడు. వాడొక్కడే. అయినా ఒక తూము దగ్గర ఎత్తుతాడు, ఇంకో తూము దగ్గర దించుతాడు. మీకొచ్చిన జబ్బులో ఒకచోట ముంపు, ఒకచోట ఎండు. ముంపు పడ్డచోట భయం, అదే ఆలోచన మళ్ళీ మళ్ళీ. ఎండిన చోట ఏదీ రుచించదు, ఎవరూ అక్కర్లేదు."

"మరి ఈ మాత్ర నీళ్ళు పోస్తుందాండి?"

"లేదండి. లస్కరు తొందరగా డ్యూటీ దిగి ఇంటికెళ్ళిపోకుండా ఆపుతుంది. అంతే దాని పని. వాడు మొదటి రోజునే గట్టు మీదికొస్తాడు. మీకు మాత్రం ఏమీ తెలియదు. మొదట్లో కాస్త గాభరాగా కూడా ఉండొచ్చు. ఎందుకంటే కాలువలు పూడిపోయి ఉన్నాయి, పొలాల్లోకి పోయే బోదెల్లో గుర్రపుడెక్క మొక్క పట్టి ఉంది. వాడు రోజూ తూములు సవరిస్తూ ఉంటే, నీళ్ళు సమంగా పారుతూ ఉంటే, బోదెలు మెల్లగా మళ్ళీ తెరుచుకుంటాయి. నరాలు కొత్త కొమ్మలు వేస్తాయి. దానికి మూడు వారాలు పట్టొచ్చు, ఆరు పట్టొచ్చు. ఈ లోపల మందు పనిచేయలేదని మీరనుకుంటారు. అనుకోండి. కానీ వేసుకోవడం మానకండి."

ఇదంతా మొత్తం మనిషికి తెలిసిపోయిన సంగతి కాదని కూడా ఆయనే చెప్పారు. "తెలిసినంతవరకే చెబుతానండి. తెలియనిది చాలా ఉంది" అనడం ఆయనకు అలవాటు. డాక్టరు నోట ఆ మాట అంతకుముందు నేను వినలేదు. సూదులు పొడిచినవాళ్ళంతా అంతా తెలుసన్నారు.

ఇక్కడ నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. శివారు రైతు తప్ప ఇంకెవరూ చేయని తప్పు అది. రెండో పంట దాళ్వాకు మాకు రోజూ నీళ్ళు రావు. వంతులు వేస్తారు. కొన్నాళ్ళు ఎగువ ఊళ్ళకు, కొన్నాళ్ళు మాకు. మా వంతు వచ్చినప్పుడు చేను నిండా పెట్టుకుంటాం, మిగతా రోజులు ఆరబెడతాం. రోజూ నిలవ నీరుంటే వేరు కుళ్ళిపోతుంది కూడా. ఆయనేమో మాత్రను కాలువ లెక్కన చెప్పారు. నేను ఆలోచించాను. రోజుకొకటి మింగితే అంతా ఎగువనే ఇగిరిపోతుంది, నా దాకా వచ్చేదెప్పుడు? అందుకని కోడలిచ్చిన మాత్రను మూడు రోజులు మింగినట్టు నటించి బొడ్లో దోపుకునేదాన్ని. నాలుగో రోజు నాలుగూ కలిపి వేసుకునేదాన్ని. వంతు పెట్టుకున్నానన్నమాట.

రెండో వంతుకే చేతులు వణికి, వాంతులై, చెమటలు కక్కుతూ పెరట్లో పడిపోయాను. మళ్ళీ రాజమండ్రి. కొడుకు కోపంతో ఊగిపోతున్నాడు. "చూడండి సార్, మందుతో కూడా మా అమ్మ దెబ్బలాడుతోంది" అన్నాడు. డాక్టరుగారు నన్ను అడిగారు. నేను వంతుల లెక్క మొత్తం చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టేశారు.

"తప్పు మీది కాదండి, నాది. నేను ధవళేశ్వరం పక్కన పుట్టినవాణ్ణి. ఆనకట్ట కాడ మాకు కాలువలో నీళ్ళెప్పుడూ ఉంటాయి. కాలువ అంటే నాకు అదే గుర్తు. శివారుకు నీళ్ళెలా చేరతాయో నేనెప్పుడూ ఆలోచించలేదు."

"ఎగువ వాళ్ళంతా అంతేనండి. మీకు మిగిలితే కదా మేము గుర్తొచ్చేది" అన్నాను.

కొడుకు "అమ్మా" అని గద్దించబోయాడు. డాక్టరుగారు చెయ్యెత్తి ఆపారు. "మాట్లాడనివ్వండి. ఇప్పుడు మామ్మగారు కోప్పడ్డారు చూశారా, రెండు నెలల తర్వాత. ఎక్కడో ఒక బోదె తెరుచుకుంది" అన్నారు. ఆ తర్వాత వంతు లేదని, లస్కరు రోజూ డ్యూటీకి రావాల్సిందేనని, నాలుగు రోజుల జీతం ఒక్కరోజే ఇస్తే వాడు తాగి పడిపోతాడు గానీ తూములు ఎత్తడని నాకు అర్థమయ్యేలా చెప్పారు. అప్పటి నుంచి ఎవరొచ్చినా ముందు "మీరు ఎగువా, దిగువా? ఏం పని చేస్తారు?" అని అడిగి గాని మందు సంగతి ఎత్తేవారు కాదని కాంపౌండరు చెప్పాడు. చేపల చెరువుల వాళ్ళకు చెరువు భాషలో, బట్టలు కుట్టేవాళ్ళకు మిషను భాషలో చెప్పేవారట.

ఐదో వారంలో, ఒక పొద్దున, చింతపండు పులుసు వాసనకు నా నోట్లో నీళ్ళూరాయి. అంతే. వెలుగులు కనిపించలేదు, దేవుడూ కనిపించలేదు. నాకు ఆకలేసింది. కోడల్ని పిలిచి ఉప్పు తక్కువైందని తిట్టాను. అది గుమ్మంలో నిలబడి ఏడ్చింది. ఆ సాయంత్రం గడియ తీసేశారు.

ఆయన చిన్న చిన్న అలవాట్లు చాలా గుర్తొస్తున్నాయి. పెద్దా చిన్నా ఎవరు లోపలికి వచ్చినా లేచి నిలబడేవారు. "ఏడుపు రావడం జబ్బు కాదండి, ఏడుపు కూడా రాకపోవడం జబ్బు" అనేవారు. చీటీ రాశాక దాని పైభాగం, ఆయన పేరూ చదువూ అచ్చేసిన ముక్క, స్కేలు పెట్టి జాగ్రత్తగా చింపి ఇచ్చేవారు. ఎందుకని అడిగాను. "మా ఊరి మందుల షాపువాడు పిచ్చి డాక్టరు చీటీ అని గుర్తుపడతాడు, పేరు తీసేయండని అందరూ అడుగుతారండి. ఒక్కొక్కరు అడగడం, నేను చింపడం ఎందుకని నేనే ముందు చింపేస్తున్నాను. నా పేరు నేను చింపుకోవడం అలవాటైపోయింది" అన్నారు. నవ్వుతూనే అన్నారు. బల్ల కింద బుట్ట నిండా ఆయన పేర్లే ఉండేవి.

నాలుగేళ్ళ కిందట ఏదో పెద్ద సభకు వెళ్ళొచ్చి, చిన్నపిల్లాడిలా సంబరపడిపోతూ చెప్పారు. ఇప్పుడు లస్కరుతో పని లేకుండా నేరుగా నీళ్ళ మీదే, ఆ గ్లూటమేట్ మీదే పనిచేసే మందు కోసం చూస్తున్నారట. మత్తు ఇచ్చే మందొకటి కొద్దిమందికి ఇచ్చి చూస్తే వారాలు కాదు, గంటల్లోనే తేలికపడ్డారట. "అయితే నాకూ అది ఇవ్వండి బాబూ" అన్నాను. "తొందరపడకండి. అది వరద లాంటిది. గంటలో పొలం తడుస్తుంది, నాలుగు రోజుల్లో తీసిపోతుంది. గట్టు ఎక్కడ తెగుతుందో ఇంకా ఎవరికీ తెలియదు. మీ లస్కరు ముసలివాడే గానీ నమ్మకస్థుడు" అన్నారు.

మధ్యలో ఒకసారి, బాగున్నాను కదా అని కొడుకు మందు ఆపించాడు. కాలువలు కట్టేసే వేసవిలో ఆపాం. వానాకాలం సార్వా నాట్లు పడేనాటికి నేను మళ్ళీ ఆ గదిలో ఉన్నాను. ఇంకోసారి నాకు నేనే మానేశాను, మళ్ళీ అంతే. మూడుసార్లు వచ్చిన మనిషికి ఇది ఇక మానకూడదని, ఎప్పుడైనా మార్చాలన్నా తగ్గించాలన్నా డాక్టరు చూస్తూ ఉండగా మెల్లమెల్లగా చేయాలని ఆయన మా వాడికి నా ఎదురుగానే చెప్పారు. వాడు తలూపాడు. ఆ తలూపడం నేను చూశాను. ఇప్పుడది వాడికి గుర్తులేదు.

ఆయన పెద్దకర్మకు నన్ను తీసుకెళ్ళకపోతే అన్నం ముట్టనన్నాను. తీసుకెళ్ళాడు. షామియానా నిండా జనం. ఎక్కడెక్కడివాళ్ళో. కుర్చీల్లో కూర్చుని ఒకరినొకరు అడుగుతున్నారు.

"తమరు డాక్టరుగారికి ఏమవుతారండి?"

"పొలం పక్క పొలమండి."

"మీరండి?"

"మా అమ్మాయీ వాళ్ళమ్మాయీ కలిసి చదువుకున్నారండి" అందొక ఆవిడ. నాలుగేళ్ళుగా ఆవిడను డాక్టరుగారి వరండాలో చూస్తున్నాను. ఎండ లేకపోయినా గొడుగు అడ్డం పెట్టుకుని కూర్చునేది. ఇంకో పెద్దమనిషి బ్యాంకు పరిచయమన్నాడు. ఆయనా ఆ వరండాలోనే నా ఎదుటి బల్ల మీద కూర్చుని కాళ్ళు ఊపుకుంటూ ఉండేవాడు. మంచినీళ్ళ గ్లాసులు పట్టుకుని కాంపౌండరు అందరి మధ్యా తిరుగుతున్నాడు. అందరూ వాడికి తెలుసు. ఎవరి మొహంకేసీ చూడట్లేదు. కళ్ళు మాత్రం అందరివీ ఎర్రగా ఉన్నాయి. ఎందుకు ఏడుస్తున్నారో చెప్పుకునే వీలు లేని ఏడుపు అంతమంది ఒక్కచోట ఏడవడం నేనెక్కడా చూడలేదు. ఆయన బాగుచేసిన వాళ్ళంతా బయటికొచ్చారనుకున్నాను. ఎవరి గడియ వాళ్ళే లోపలినుంచి వేసుకుని కూర్చున్నారు.

నా కొడుకును అడిగారు. "ధాన్యం వ్యవహారమండి" అన్నాడు.

"నేను ఆయన పేషెంటునండి. నా తల బాగులేకపోతే ఆయన మందిచ్చారు. ఇప్పటికీ వేసుకుంటున్నాను" అన్నాను. నా గొంతు చిన్నది కాదు. నాలుగు వరసల అవతలికి వినిపించింది. కాసేపటికి గొడుగు ఆవిడ, నాకేసి చూడకుండానే, నా చెయ్యి పట్టుకుంది. భోజనాలకు లేపేదాకా వదల్లేదు.

డాక్టరుగారి భార్య అందరి దగ్గరికీ వచ్చి, ఆయన జ్ఞాపకంగా చిన్న పుస్తకం వేస్తున్నామని, నాలుగు మాటలు రాసివ్వమని అడిగింది. చాలామంది అప్పటికే ఇచ్చారట. మంచివారని, పాటలు బాగా పాడేవారని, గుడికి సాయం చేశారని. "మా ఆయన ఏం పని చేసేవారో మాత్రం ఒక్కరూ రాయలేదమ్మా" అంది నాతో. అందుకే ఇది చెబుతున్నాను. చదివేవాళ్ళలో ఆ షామియానా కింద కూర్చున్నవాళ్ళు ఉంటారు. మీ పేర్లు నాకు తెలియవు, తెలిసినా చెప్పను. మందు మాత్రం మానకండి. ఆయన కుర్చీలో వారానికి రెండు రోజులు ఆయన దగ్గర నేర్చుకున్న డాక్టరమ్మ కూర్చుంటోందని కాంపౌండరు చెప్పాడు.

ఇక్కడిదాకా టీచరమ్మ ఇప్పుడే పైకి చదివింది. కొడుకు గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు.

"పేరు తీసేయమ్మా. 'ఒక తల్లి' అని పెట్టు చాలు."

"ఏ తల్లిరా?"

"నేను నిలబడ్డ నీటి సంఘం ఎలక్షను అయ్యేదాకా ఆగు. పిచ్చిదాని కొడుక్కి కాలువ అప్పజెబుతారా అని అవతలివాడు మైకు పెట్టుకుని తిరుగుతాడు. నేను ఓడిపోతాను."

"ఓడిపో. నువ్వు ఓడితే సంఘానికి ఇంకొకడొస్తాడు. నేను ఓడితే ఆ గదిలోకి నా బదులు ఎవడొస్తాడు?"

వాడు తలుపు చెక్కను గోటితో గీకుతూ నిలబడ్డాడు. వాడు చెడ్డవాడు కాదని కూడా రాయమన్నాను. వాడికీ ఒక గది ఉంది. దానికి గడియ ఎటువైపుందో వాడికింకా తెలియదు.

అప్పుడు నా కోడలు వంటింట్లోంచి వచ్చింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుని, "పెన్ను ఇలా ఇవ్వండి టీచరుగారూ, సాక్షి సంతకం నేను పెడతాను" అంది. మొగుడికేసి చూడకుండా నాతో, "రేపు ఏడింటి బస్సండి అత్తయ్యగారూ. రాత్రికే జాకెట్టు ఇస్త్రీ చేసి పెడతాను" అంది.

"ఊళ్ళో అడిగితే ఏం చెబుతావు?" అన్నాడు కొడుకు.

"ఆసుపత్రికని చెబుతాను."

టీచరమ్మ కాగితం కింద సాక్షుల కోసం మూడు గీతలు గీసింది. రెండు నిండాయి. మూడోది కొట్టేయబోతే నేనే వద్దన్నాను. వాడు ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు.

నేను చెప్పగా రాసి, చదివి వినిపించారు. సరిగ్గా ఉంది.

గుత్తుల వీరాయమ్మ, ఎడమచేతి బొటనవేలి ముద్ర

సాక్షులు:
కె. రత్నకుమారి, టీచరు (రాసినవారు)
గుత్తుల లక్ష్మి, కోడలు
……………………